దిగి ఎక్కిన బరువు

పోయిన వారం సుమనను ఎక్కడ వదిలి వచ్చామో గుర్తుంది కదా? బోధన్ రాకాసిపేటలో ఇంటి ముందరి మెట్టు మీద, ఒళ్ళో పద్నాలుగు నెలల కూతురు మన్ను, చేతిలో ఫోను. కొత్త పికప్ బండి కొన్ననాడు నిజామాబాద్ షోరూంలో ఫోన్ నంబరు రాయమంటే, 'బండి తోలుతుంటే వీళ్ళ ఫోన్లు ఎవడు ఎత్తుతడు' అని పరమేశ్వర్ భార్య నంబరు రాసి వచ్చాడు. రాసిన సంగతి వారం తిరగకముందే మరిచిపోయాడు. బండి మరిచిపోలేదు. ఎక్కడ ఎంత బరువు ఎక్కినా, ఎంత దిగినా సుమన ఫోనుకే కబురు పంపుతూ వచ్చింది. కంపెనీ వాళ్ళ ప్రచారమేమో అని ఆమె వాటి జోలికి పోలేదు. తొమ్మిదో తరగతిలోనే బడి మానిపించిన పిల్ల. ఒకనాడు మన్ను పడుకున్నాక, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. ఆనాటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

మంగళవారం, శుక్రవారం. వారం తప్పినా ఆ రెండు రోజులు తప్పవు. చందూర్‌లో ఎరువుల బస్తాలు దించి ఖాళీగా రావలసిన బండి, చందూర్‌లోనే అరవై కిలోలు ఎక్కించుకుని బోధన్‌లో దించుతోంది. "వచ్చేటప్పుడు ఏం తెచ్చినవ్?" అని అడిగితే మొదటిసారి "ఏముంటది, ఖాళీ" అన్నాడు. మళ్ళీ అడిగితే "దాణా సంచి, ఒక రైతుది" అన్నాడు. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పాడంటే మూడోది దాచుకున్నాడనే కదా.

ఆ మూడో జవాబు కోసమే ఈ శనివారం సుమన టిఫిన్ డబ్బా ఒక చేత, బిడ్డను ఒక చేత పట్టుకుని నిజామాబాద్ రోడ్డు మీది ఖుద్దూస్ షెడ్డుకు బయలుదేరింది. బండి అక్కడే ఉంది. వెనక బరువు మోసే కమాన్ పట్టీలు చప్పుడు చేస్తున్నాయని పొద్దునే ఇచ్చి వచ్చాడు పరమేశ్వర్.

ఆమె చేరేసరికి అతను లేడు. బోల్టులు తేవడానికి పాత బస్టాండుకు పోయాడట. సుమన లోపల ఎవరో "ఇదే అదను" అన్నారు.

ఖుద్దూస్ గడ్డానికి మెహెందీ, చేతులకు గ్రీజు. అరవై దాటిన మనిషి. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు లారీల కమాన్ ఎంత వంగిందో చూసి లోడు ఎన్ని టన్నులో చెప్పేవాడని పేరు.

"ఏం బేటీ, గింత ఎండల పోరిని ఏసుకొని వచ్చినవ్? అన్నం కోసం నీ మొగడే ఇంటికి ఉరుకుతుండె గద."

"చాచా, ఒకటి అడుగుత. నవ్వొద్దు."

"నవ్వొస్తే ఎట్ల ఆపుకుంట? అడుగు."

"ఈ బండి ఎంత బరువెక్కిందో చెప్తది గద. తప్పు చెప్తదా?"

ఖుద్దూస్ నవ్వలేదు. పానా పక్కన పెట్టి, బండి చక్రం దగ్గర కూచుని చూపించాడు. "మంచానికి నాలుగు కోళ్ళు ఉన్నట్టు, నాలుగు చక్రాల కాడ నాలుగు సెన్సర్లు పెట్టిండ్రు. పైన ఎవలు ఎక్కినా కోళ్ళకు తెలువదా? ఎనక డబ్బాల ఎక్కినా తెలుస్తది, ముందట సీట్ల కూసున్నా తెలుస్తది."

"మరి తోలేటోని బరువు?"

"అది కలువది. కొన్ననాడు నీ మొగడు సీట్ల కూసొనే సున్నా కొట్టిపిచ్చిండు. 'నేనేమన్న సరుకునా ఖుద్దూస్ భాయ్' అని నాతోటి అన్నడు. ఆయన ఒక్కడుంటే సున్నా. ఆయన గాక ఇంకేది ఎక్కినా నంబర్ల వడుతది."

"ఒక్కసారి చూపియ్యి చాచా."

ఎందుకని అతను అడగలేదు. ఎందుకని అడిగితే ఆమె ఏం చెప్పేదో ఆమెకూ తెలియదు. ఖుద్దూస్ తోలేవాడి సీటులో కూచున్నాడు. "నేను, నీ మొగడు ఒక్క తీరే ఉంటం, సూడు" అన్నాడు. తెర మీద సున్నా. సుమన బిడ్డను షెడ్డులోని నులక మంచం మీద పడుకోబెట్టి, చీర ఎగదోపుకుని వెనక డబ్బాలోకి ఎక్కింది. కొంచెం సేపు అంకెలు తడుముకున్నాయి. తర్వాత యాభై దగ్గర నిలబడ్డాయి.

మన్ను లేచి ఏడుపందుకుంది. సుమన దిగి, బిడ్డను ఎత్తుకుని మళ్ళీ ఎక్కింది.

"ఇప్పుడెంత చాచా?"

"యాభై."

"పిల్లది ఎక్కినా యాభయ్యేనా?"

"పదులల్లనే చూపిస్తది బేటీ. చిన్న పాణం, దానికి ఆనది. పెరగనీ."

అతను మామూలుగానే అన్నాడు. సుమన బిడ్డను ఇంకా దగ్గరికి అదుముకుంది. పోయిన నెల అంగన్‌వాడీ టీచరు మన్ను కార్డు మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. ఆరు కిలోల తొమ్మిది వందల గ్రాములు. అప్పటి నుంచి సుమన ముద్ద ముద్దకూ బిడ్డ పొట్ట తడిమి చూస్తోంది. ఇంత పెద్ద బండికి తన బిడ్డ ఉన్నట్టే తెలియలేదు. చందూర్‌లో ఎక్కే ఆ ఎవరో మాత్రం ప్రతిసారీ తెలుస్తున్నారు.

దిగి, ఫోను తీసి అతని చేతిలో పెట్టింది. ఖుద్దూస్ చేతులు తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కొక్కటే పైకి జరుపుతూ చదివాడు.

"చందూర్ల అరవై. రుద్రూర్ల సున్నా. రుద్రూర్ల మళ్ళ అరవై. బోధన్ల సున్నా." ఇంకో రోజుది చూశాడు. "గిదీ గంతే. రుద్రూర్ల ఏడెనిమిది నిమిషాలు దిగుతున్నది, మళ్ళ ఎక్కుతున్నది. ఏంది బేటీ ఇది, ఏం తెస్తున్నడు?"

"దాణా సంచి అన్నడు."

ఖుద్దూస్ కళ్ళద్దాలు తీసేశాడు. ఫోను ఆమెకు తిరిగి ఇచ్చి, పానా అందుకుని, బోల్టే లేని చోట తిప్పడానికి చూశాడు.

"చెప్పు చాచా."

"నేనేం చెప్పాలె? మియా బీవీ నడుమ దూరినోడు రెండు దిక్కులా తిట్లు తింటడు." నేల చూస్తూ అన్నాడు. "ఒకటి సూడు. మొదట్ల అంత అరవై ఉన్నది. ఈ మంగళారం, నిన్న శుక్రారం, యాభై."

తగ్గింది. సుమన ఆ అంకె వంకే చూసింది. ఇన్నాళ్ళూ ఆమె మనసులో ఆ మనిషికి ఒక రూపం ఉండేది. తనకన్నా నిండుగా, తనకన్నా తెల్లగా, జడలో పూలతో, సీటులో ఆనుకుని కూచుని నవ్వుతూ. అట్లాంటి మనిషి ఇంతలోనే పది కిలోలు ఎట్లా తగ్గుతుంది? మన్ను కార్డు మీద గీత కిందికి దిగితే దాని అర్థం ఏమిటో సుమనకు ఒకరు చెప్పనక్కరలేదు.

అంతలో పరమేశ్వర్ వచ్చాడు. భార్యను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందే, నువ్వొచ్చినవ్?"

"ఆకలైతదని తెచ్చిన."

"ఇంట్ల తిందుం తియ్యి. అర్ధగంటల అయిపోతది." అతను ఖుద్దూస్ వైపు చూశాడు. ఖుద్దూస్ చక్రం వైపు చూశాడు. ఆ ఇద్దరి మధ్యలో నిలబడి సుమన టిఫిన్ డబ్బా మూత ఇంకా గట్టిగా నొక్కింది.

బండి సిద్ధమయ్యాక ఖుద్దూస్ కిటికీ దగ్గరికి వచ్చి, "పైలంగ తోలు బేటా. పక్కన ఇంటిదున్నది" అన్నాడు. ఎప్పుడూ అనేవాడు కాదు.

* * *

బండి రోడ్డెక్కింది. మన్ను తల్లి ఒళ్ళో బొటనవేలు చీకుతూ కునుకుతోంది. డ్యాష్‌బోర్డు మీది తెరలో యాభై అని వెలుగుతోంది.

"నేనెంతున్ననో చెప్తున్నది సూడు నీ బండి" అంది సుమన.

"కాంటా మీద పెట్టి నిన్ను మార్కెట్ల అమ్ముదునా?" అని నవ్వాడు పరమేశ్వర్.

"అమ్మితే అమ్ముదువు. చందూర్ల ఎక్కేటామె నాకంటే పది కిలోలు ఎక్కువనట. ఇప్పుడు ఇద్దరం సమానమైనం."

నవ్వు అతని మొహం మీదే ఎండిపోయింది. "ఎవలామె?"

"నువ్వే చెప్పాలె."

"దాణా సంచి అని చెప్పిన గద నీకు."

"సంచేనా?"

"సంచే."

"మరి రుద్రూర్ల దిగి, చాయ తాగి, మళ్ళ వచ్చి ఎక్కిందా సంచి? దానికి కాళ్ళున్నయా?"

పరమేశ్వర్ బ్రేకు తొక్కాడు. వెనక వస్తున్న ఆటోవాడు హారన్ కొట్టి, పక్కనుంచి పోతూ ఏదో తిట్టాడు. మూతబడిన ఫ్యాక్టరీ ప్రహరీ పక్కకు బండిని తీసి ఆపాడు. సుమన ఫోను అతని ఒళ్ళో పడేసింది. అతను ఒకదాని కింద ఒకటి చూస్తూ పోయాడు. పెంచిన కుక్కే కరిచినట్టు మొహం పెట్టి, కళ్ళెత్తి తన బండినే ఒకసారి కలయజూశాడు.

"పేరు చెప్పు" అంది సుమన. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "మొత్తుకోను. నలుగుర్ల నీ ఇజ్జత్ తియ్యను. నాకు నౌకరి లేదు, సదువు లేదు, ఇందల్వాయిల మా అన్నోళ్ళకు రెండే రూములు. నన్నెటు పొమ్మంటవో అది తెలిస్తే చాలు. ఈ పిల్లకు అన్నం యాడ దొరుకుతదో అది తెలిస్తే చాలు."

"ఆమె కాదు సుమనా. ఆయన."

"ఏ ఆయన?"

పరమేశ్వర్ స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నాడు. బండి ఆగే ఉంది.

"మా బాపు."

సుమనకు మొదట నవ్వొచ్చింది. ఏడుపు కన్నా ముందు నవ్వు రావడం అంత మంచిది కాదని అంటారు. చనిపోయిన మామ లింబయ్య ఫోటో నడిమింటి గోడ మీద ఉంది. తను కాపురానికి వచ్చిన ఏడు నుంచి ప్రతి పెత్తరమాసకు, పెద్దల అమావాస్యనాడు, తలస్నానం చేసి, అన్నీ వండి, లింబయ్య పేరున బియ్యం ఇచ్చేది తనే.

"మూడేండ్ల నుంచి బియ్యం ఇస్తున్న నేను. బతికున్న మనిషికి ఇచ్చిన్నా?"

"నాకు తెలుసా?" అన్నాడు పరమేశ్వర్. "నాకు పదహారేండ్లప్పుడు మా ఊరు కమ్మర్‌పల్లికి దుబాయ్ నుంచి పీనిగె పెట్టె వచ్చింది. అండ్ల బాపే ఉన్నడన్నరు, మట్టిచ్చినం. అది వేరేటోనిదట సుమనా. కాయిదాలు మారినయట. బాపు ఎవరిదో పేరు మీద పనికుండెనట, పట్టుకొని జైల్ల ఏసిండ్రట. వచ్చెటాళ్ళకు ఇన్నేండ్లాయె. మూడు నెలల కింద చందూర్ల బస్తాలు దించుతుంటే, 'పర్మేశా' అని పిలిచిండు ఎనక నుంచి. అట్ల నన్ను ఎవలు పిలువరు. నా కాలు మీద మచ్చ ఎట్లయిందో చెప్పిండు. బెల్లం పెనం కాడ కాలిందని నాకు కన్న అవ్వ తప్ప ఎవలు చెప్పలే."

"మొఖం గుర్తు పట్టినవా?"

అతను కిటికీలోంచి ఫ్యాక్టరీ గోడ వైపు చూశాడు. "బాపు దుబాయ్ పోయిననాడు నాకు ఆరేండ్లు. నడుమ ఒక్కసారే వచ్చిండు. ఇప్పుడు బీమారి మనిషి, మొఖమంత ఉబ్బింది. ఎట్ల గుర్తు పడుత?"

రెండు కిడ్నీలూ పోయాయట. వారానికి రెండుసార్లు బోధన్ సర్కారు దవాఖానలో మిషన్ పెట్టి రక్తం కడుగుతారట. అక్కడికే తీసుకొస్తున్నాడు. రుద్రూర్ దగ్గర దిగేది వాంతికట.

సుమన వింటోంది. వింటున్నకొద్దీ ఆమె గుండెలోంచి ఒక భయం లేచిపోయి, ఆ ఖాళీలో ఇంకొకటి వచ్చి కూచుంటోంది. ఆడది కాదు, నిజమే. కానీ చచ్చి బతికొచ్చిన మనిషి ముందు తన పెళ్ళాం, గంగమణి అత్తమ్మ మొహం చూడాలనుకోడా? పెళ్ళాం బోధన్‌లోనే ఉంది. వారానికి రెండుసార్లు ఆ ఊరికే వస్తున్నాడు.

"అవ్వకు తెలుసా?"

"తెలువది. ఆయననే చెప్పొద్దన్నడు. గుండె ఆగుతదట."

"ఎవలది ఆగుతది, అవ్వదా ఆయనదా?"

"నువ్వు గట్ల మాట్లాడకు."

"ఏమడిగిండు నిన్ను?"

"ఏమడుగుతడు?"

"మూడు నెలలు నా కండ్లల్ల దుమ్ము కొట్టినవంటే ఏదో అడిగిండు. ఏంది?"

పరమేశ్వర్ డ్యాష్‌బోర్డు డబ్బా తెరిచాడు. బండి కాగితాల కింది నుంచి మడత పెట్టిన ఒక కాగితం తీసి ఆమె ఒళ్ళో, మన్ను కాళ్ళ దగ్గర పెట్టాడు. "ఆయన అడగలే. నేనే కిడ్నీ ఇస్తనన్న. బ్లడ్ గ్రూప్ కలిసింది. ఎల్లుండి సోమారం హైదరాబాద్ల పెద్ద టెస్టులు. తండ్రీ కొడుకులమేనా అని గూడ చూస్తరట. అదైతే ఒకటి తీసి పెడుతరు. రెండున్నయి గద సుమనా. ఒక్కటితోటి బతుకుతరట."

ఆమె కాగితం విప్పింది. అక్షరాలు ఒక్కొక్కటే పట్టుకుంటూ కిందికి దిగింది. అడుగున ఖాళీ గీత. దాని కింద మాట ఆమెకు తెలిసిందే. భార్య సంతకం.

"ఓహో" అంది. "నాకు చెప్పాలని చెప్పుడు కాదు. సంతకం కావాలె, అందుకు."

"నీకు చెప్పకుంట ఎట్ల చేస్త?"

"మూడు నెలలు చేసినవ్ గద! యాభై కిలోల బస్తాలు దినాం మోస్తవు. కడుపు కోసినంక ఎవలు మోస్తరు? ఈ పిల్లకు పావు కిలో ఎక్కిస్తానికి నా పాణం పోతున్నది. నువ్వు ఎవనికో ఒంట్లది తీసి ఇస్తనంటున్నవ్."

"ఎవనికో కాదు, మా బాపుకు!" అని అరిచాడు పరమేశ్వర్. మన్ను ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. అతను వెంటనే తగ్గి, బిడ్డ తల నిమరబోయాడు. సుమన బిడ్డను పక్కకు తిప్పుకుంది.

"అవ్వకు చెప్పకు సుమనా. నీ కాళ్ళు మొక్కుత."

ఆమె కాగితం మడత పెట్టి ఒళ్ళోనే ఉంచుకుంది. పరమేశ్వర్ బండి తీసి ఇంటి దారి పట్టించాడు.

* * *

ఇంటి ముందు అత్త గంగమణి చాట ముందేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది. బండి ఆగినా పరమేశ్వర్ దిగలేదు. స్టీరింగు మీద తల వాల్చి అట్లాగే ఉండిపోయాడు. సుమన బిడ్డతో దిగి, అత్త ముందు కూలబడింది.

"ఏందే, మొఖం గట్లున్నది? కొట్లాడుకున్నరా? ఆనికి ఆకలైతే కండ్లు కానరావు, అన్నం వెట్టకపోయినవా?"

చెప్పకూడదనే అనుకుంది సుమన. బండి దిగేదాకా అనుకుంది. కానీ సోమవారానికి నడుమ ఒక్క ఆదివారమే ఉంది. గొంతు తగ్గించి, మొదటి నుంచి చివరిదాకా చెప్పేసింది. చందూర్, పెట్టె, జైలు, కిడ్నీ, సంతకం. గంగమణి చేతులు ఆగలేదు. గింజ ఒక పక్క, పండు ఒక పక్క. అంతా అయ్యాక చాట పక్కకు జరిపింది.

"పెట్టె మూత ఎవలు తియ్యలేదని సెప్పిండా నా కొడుకు?"

"అందరు గట్లనే అంటరు గద అత్తమ్మా."

"నేను తీపిచ్చిన." గంగమణి గొంతులో తడి లేదు. "వాసనొస్తది వద్దన్నరు. నోట్ల తులసి నీళ్ళు పొయ్యకుంట మట్టెట్ల ఇస్తరని కొట్లాడిన. అందరు పోరగాణ్ణి తీసుకొని అవుతలికి పోయిండ్రు. నేనే పోసిన. మీ మామ మొఖమే. నా సేతులతోటి తుడిసిన మొఖం. ఆయన పోయిండు సుమనా. ఆ మట్టిల ఉన్నది ఆయననే."

సుమనకు ఊపిరి తిరిగింది. పొద్దుటి నుంచీ ఛాతీ మీద ఉన్న బస్తా ఎవరో దించినట్టయింది. "అంటే వాడు దొంగోడు! అగో, నేను గప్పుడే అనుకున్న!" అని లేవబోయింది.

గంగమణి ఆమె చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. "ఆగు. చందూర్ల యాడుంటడట?"

"పాత బెల్లం గానుగ పక్కన కిరాయి రూమ్ అని నిన్న ఎవలికో ఫోన్ల చెప్తుంటే విన్న. నేను ఎవలదో అనుకున్న."

ఆ పట్టు బిగుసుకుంది. గాజుల్లేని ముంజేతి మీద నరం లేచింది. "ఎడమ సేతికి బొటనవేలు ఉన్నదా అడుగు. నేనడిగిన్నని సెప్పకు."

సుమన మెడ తిప్పి బండి వైపు కేకేసింది. "ఆయనకు ఎడమ చేతి బొటనవేలున్నదా?"

పరమేశ్వర్ తలెత్తాడు. మొహమంతా తడిగా ఉంది. "లేదు. దుబాయ్‌ల మిషన్ల వడ్డదట. నీకెట్ల ఎరుక?"

"మిషన్ల కాదు. గానుగల" అంది గంగమణి. ఆ మాట సుమనకు తప్ప ఎవరికీ వినపడలేదు. ముసలామె కళ్ళు చింతపండు మీద ఉన్నాయి, చూపు మాత్రం ముప్పై ఏళ్ళ వెనకటి ఆ గానుగ దగ్గర ఉంది. చాట మీదికి వంగి గొంతు తగ్గించింది.

"సంతకం వెట్టకు బిడ్డా. ఆ మనిషి పాణం పోతే పోనీ. నా కొడుకుకు ఆ టెస్టు సెయ్యనియ్యకు."

"ఎందుకత్తమ్మా? చేయనీ! చేస్తేనే గద దొంగోడని తేలేది? వాడు మామ కాదంటివి. తండ్రి కానోనితోటి టెస్టు ఎట్ల కలుస్తది?"

గంగమణి ఒకసారి బండిలో ఉన్న కొడుకు వైపు చూసింది. కోడలి చెయ్యి ఇంకా వదల్లేదు.

"కలుస్తది" అంది.